నర్సింగ్‌కు ముందు ఆసుపత్రి ఉద్యోగం: చేరేవాళ్లు ఏం చూసుకోవాలి?

(ఇంటర్ ఫలితాలు వచ్చాక కర్నూలులో విద్యార్థులు, తల్లిదండ్రుల ముందు ఒక విశ్రాంత నర్సింగ్ సూపరింటెండెంట్ చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. వెనక నిలబడినవాళ్లు ముందుకు రండమ్మా, ఇక్కడ కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. ఫ్యాను కింద చోటు మాత్రం నాకు వదిలేయండి. ఈ ఎండల్లో కర్నూల్లో మైకు పట్టుకుని నిలబడేవాళ్లకు ఆ మాత్రం లంచం ఇవ్వాలి. (నవ్వులు)

నర్సింగ్ గురించి మాట్లాడమని నన్ను పిలిచారు. నర్సింగ్ గొప్పతనం గురించి చెప్పేవాళ్లకు కొదవ లేదు. కాలేజీల పాంప్లెట్లు ఈపాటికే మీ ఇళ్లకు వచ్చి ఉంటాయి. నేను దానికి ముందుండే సంగతి మాట్లాడతాను. ఇంటర్ అయిపోయింది. ఈ ఏడాది సీటు రాలేదు. లేదంటే సీటు వచ్చేలా ఉంది గానీ ఇంట్లో ఫీజు కట్టే పరిస్థితి లేదు. లేదంటే "నువ్వు రక్తం చూస్తే పడిపోతావు, నీకెందుకే నర్సు పని" అని నాయన పోనివ్వడం లేదు. అప్పుడు అందరికీ తట్టే ఆలోచన ఒకటుంది. ఈలోగా ఏదో ఒక ఆసుపత్రిలో పనికి చేరితే పోలా, అట్లా అట్లా నర్సు అయిపోవచ్చు కదా అని. ఈ మాట నన్ను బస్సులో అడిగారు, పెళ్లి భోజనాల దగ్గర అడిగారు, రైతు బజార్లో వంకాయలు ఏరుకుంటుంటే అడిగారు.

పనిలో చేరండి, నేను వద్దనను. కానీ అట్లా అట్లా నర్సు మాత్రం కారు.

ఈ కాగితం సంగతి ముందే తేల్చేస్తాను, ఎక్కువమంది మోసపోయేది ఇక్కడే. మన దేశంలో నర్సుగా పనిచేయాలంటే గుర్తింపు ఉన్న కోర్సు పాసై, రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్‌లో పేరు నమోదు చేయించుకోవాలి. ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ చట్టం 1947లోనే వచ్చింది. మీరు వార్డులో పదేళ్లు పనిచేయండి, డాక్టర్లందరూ మిమ్మల్ని పేరు పెట్టి పిలవనీయండి, ఆ పదేళ్లు చూసి జీఎన్ఎం అనే నర్సింగ్ డిప్లొమాలో ఒక్క రోజు కూడా తగ్గించరు. వార్డు పని నర్సింగ్‌కు మొదటి మెట్టు అని ఎవరైనా చెప్తే, ఏ కాగితంలో రాసి ఉందో చూపించమనండి.

నిజంగా ఉన్న మెట్లు వేరే. ఏఎన్ఎం, అంటే సహాయ నర్సు కోర్సు, రెండేళ్లు. ఇది ఆడపిల్లలకు మాత్రమే, ఇంటర్ ఏ గ్రూపైనా పర్వాలేదు. జీఎన్ఎం మూడేళ్లు. ఇంటర్‌లో 40 శాతం మార్కులు, ఇంగ్లీషు పాసై ఉండాలి. సైన్సు వాళ్లవైపు మొగ్గు ఉంటుంది, అలాగని మిగతా గ్రూపులకు తలుపు మూసేయలేదు. బీఎస్సీ నర్సింగ్ నాలుగేళ్లు. దానికి బైపీసీ ఉండాలి, ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ కలిపి 45 శాతం రావాలి, ఎస్సీ, ఎస్టీ పిల్లలకు 40 చాలు. దేనికైనా 17 ఏళ్లు నిండాలి. ఏఎన్ఎం చేసి రిజిస్టర్ అయినవాళ్లు తర్వాత జీఎన్ఎంకు పోవచ్చు. మామూలుగా జీఎన్ఎంకు 35 ఏళ్ల లోపు అంటారు, వీళ్లకు ఆ వయసు అడ్డు కూడా లేదు. జీఎన్ఎం చేసినవాళ్లు రెండేళ్ల పోస్ట్ బేసిక్ బీఎస్సీ చేస్తే డిగ్రీ చేతికొస్తుంది. మన ఊరి సచివాలయం ఏఎన్ఎం ఉద్యోగం, పెద్దాసుపత్రి స్టాఫ్ నర్సు ఉద్యోగం, ఊరి హెల్త్ క్లినిక్‌లో ఎంఎల్‌హెచ్‌పీ, మిడ్ లెవల్ హెల్త్ ప్రొవైడర్ అంటున్నారే అది, అన్నీ ఈ మెట్ల మీద ఉన్నవే. ఆయమ్మ పని, వార్డు బాయ్ పని ఈ మెట్లకు కింద నేల మీద ఉంది.

మరి ఎందుకు చేరమంటున్నావమ్మా అంటే, ఫీజు కట్టి తెలుసుకోవడం కన్నా జీతం తీసుకుంటూ తెలుసుకోవడం నయం కాబట్టి. నర్సింగ్ కాలేజీలో మొదటి ఏడాది వార్డు పోస్టింగు పడ్డాకనే "ఇది నాతో కాదు" అని తెలుసుకున్న పిల్లలను నేను చూశాను. అప్పటికి ఒక ఏడాది ఫీజు, హాస్టల్ డబ్బు, పుస్తకాలు, యూనిఫాం అన్నీ అయిపోయాయి. ఇంట్లో చెప్పడానికి భయపడి మిగతా ఏళ్లు ఏడ్చుకుంటూ చదివినవాళ్లూ ఉన్నారు. వాళ్లను తప్పు పట్టలేం. వాసన ఎట్లా ఉంటుందో పుస్తకంలో రాయరు కదా.

ఒక పాప సంగతి చెప్తాను. పేరు చెప్పను. ఆలూరు వైపు పిల్ల. అమ్మానాయనా సుగ్గికని గుంటూరు మిరప కోతలకు పోతే, తమ్ముళ్లను చూసుకుంటూ కిందా మీదా పడి ఇంటర్ పాసైంది. ఆర్థో, అంటే ఎముకల వార్డులో సహాయకురాలిగా చేరింది. అప్పుడు ఒక పెద్దాయన ఉన్నాడు, చింతకాయలు దులపడానికి చెట్టెక్కి జారిపడ్డాడు. వెన్ను దెబ్బతిని నడుము కింద స్పర్శ పోయింది. ఇట్లాంటి మనిషిని రెండు గంటలకోసారి పక్క మార్చాలి. ఎందుకంటే మనకు ఒకే వైపు పడుకుంటే నొప్పి పుట్టి నిద్రలోనే మనమే దొర్లుతాం. ఆయనకు నొప్పి తెలీదు, దొర్లలేడు. ఒంటి బరువు పడిన చోట రక్తం ఆడక చర్మం లోపలి నుంచి చావడం మొదలుపెడుతుంది.

ఆ పిల్ల ఒకరోజు ఆయన్ని పక్కకు తిప్పి, దుప్పటి సర్ది, ఊరికే వచ్చేయలేదు. తోకెముక దగ్గర రూపాయి బిళ్లంత మచ్చ చూసింది. వేలితో నొక్కి చూసింది. మామూలు ఎరుపైతే నొక్కిన చోట తెల్లబడి, వేలు తీశాక మళ్లీ ఎర్రబడుతుంది. ఇది తెల్లబడలేదు. మన నల్లటి ఒంటి మీద ఎరుపు అంత తేలిగ్గా కనపడదు కూడా, చుట్టుపక్కల చర్మం కన్నా వెచ్చగా, గట్టిగా చేతికి తగులుతుంది. వచ్చి, "సిస్టరమ్మా, ఆ తాతకు నడుము కింద నొక్కినా ఎరుపు పోలేదు" అంది. అంతే. ఆ దశలో పట్టుకుంటే ఆ చోట బరువు పడకుండా చేసి, తడి లేకుండా చూసుకుంటే తగ్గుతుంది. ఇంకొన్ని రోజులు ఎవరూ చూడకపోతే చర్మం ఊడి, పుండు ఎముక దాకా పోతుంది. అంతటితో ఆగకుండా ఒళ్లంతా ఇన్‌ఫెక్షన్ అవుతుంది. చెట్టు మీద నుంచి పడి బతికిన మనిషి పుండుతో పోతాడు.

మేమంతా చదువుకున్నవాళ్లమే. కానీ ఒక్కో సిస్టరు అన్నన్ని మంచాల మధ్య మందులు, సెలైన్లు, కేస్ షీట్లు పట్టుకుని తిరుగుతుంటే, రోగి ఒంటిని తాకి చూసే సమయం ఎక్కువ దొరికేది ఈ పిల్లలకే. ఇక్కడ మీరు గమనించాల్సింది ఇంకొకటి ఉంది. నొక్కి చూడాలని ఆ పాపకు ఎవరు చెప్పారు? పాఠం ఎవరూ చెప్పలేదు. ఒక సిస్టరు చేస్తుంటే పక్కన నిలబడి చూసింది. ఎందుకు నొక్కుతున్నారని అడిగింది. ఆ సిస్టరు విసుక్కోకుండా చెప్పింది.

అందుకే, ఏ ఆసుపత్రిలో చేరాలి అని అడిగితే నేను మొదట అడిగేది జీతం గురించి కాదు. నీ డ్యూటీలో నీ పక్కన చదువుకున్న నర్సు ఉంటుందా, ఉండదా? ఉంటే అక్కడ చేరు, వెయ్యి రూపాయలు తక్కువైనా చేరు. లేకపోతే, రెండు వేలు ఎక్కువిచ్చినా నువ్వు అక్కడ నేర్చుకునేది తక్కువ, పాడయ్యేది ఎక్కువ.

ఈ లెక్కన చూస్తే కొన్ని ఉద్యోగాలు వాటంతట అవే పక్కకు పోతాయి. రిసెప్షన్, బిల్లింగ్ కౌంటరు, మెడికల్ షాపు ఇవన్నీ ఆసుపత్రి గోడల మధ్యే ఉంటాయి గానీ రోగి మంచానికి దూరం. మందుల పేర్లు తెలుస్తాయేమో గానీ నర్సింగ్ నీకు పడుతుందా లేదా అన్నది తెలీదు. ల్యాబ్, డయాలసిస్, ఆపరేషన్ థియేటర్ పనులు మంచివే, కానీ అవి పారామెడికల్ దారి, వాటి డిప్లొమాలు వేరు, బోర్డు వేరు. అవి నచ్చితే అటే పోండి, రెండు పడవల మీద కాళ్లు వద్దు. 108లో ఊరికే చేర్చుకోరు, అందులో టెక్నీషియన్ పనికి వేరే అర్హతలు అడుగుతారు. ఆశా పని 18 ఏళ్ల పిల్లలకు కాదు, ఊళ్లో స్థిరపడిన 25 దాటిన ఆడవాళ్లకు. ఇక్కడ కూర్చున్న ఆశా అక్కలకు తెలుసు, బిడ్డ ఆసుపత్రిలో పుట్టినా మూడో రోజు, ఏడో రోజు, 14, 21, 28, చివరికి 42వ రోజు దాకా ఇంటింటికీ పోయి చూసొచ్చే పని అది. పిల్లలూ, మీ ఊళ్లో ఆశా అక్క అట్లా పోతున్నప్పుడు ఒక్కసారి వెంట పోయి చూడండి, ఖర్చు లేని చదువు.

మిగిలింది వార్డు పని. ప్రభుత్వాసుపత్రిలో ఎంఎన్ఓ, ఎఫ్ఎన్ఓ అంటారు, మగవాళ్లకొకటి, ఆడవాళ్లకొకటి. ప్రైవేటులో ఇప్పుడు జీడీఏ అంటున్నారు, జనరల్ డ్యూటీ అసిస్టెంట్. పది పాసైనవాళ్లకు కొన్ని నెలల శిక్షణ ఇచ్చి పంపిస్తున్నారు. పల్లెటూరి పేద కుటుంబాల పిల్లల కోసం 2014లో మొదలైన డీడీయూ జీకేవై పథకంలో ఇట్లాంటి శిక్షణ హాస్టల్‌తో సహా ఉచితంగా దొరుకుతుంది, మన రాష్ట్రంలో దాన్ని సీడాప్ అనే ప్రభుత్వ సంస్థ నడిపిస్తుంది. డబ్బులు కట్టి నేర్చుకునే ముందు అక్కడ అడగండి. శిక్షణలో మంచం వేయడం, స్పాంజింగ్ అంటే తడిగుడ్డతో ఒళ్లు తుడవడం, పక్క మార్చడం, బీపీ, టెంపరేచర్ చూడడం, చేతులు కడుక్కోవడం నేర్పుతారు. చేతులు కడుక్కోవడం కూడా నేర్పాలా అని నవ్వకండి. సబ్బుతో అయితే 40 నుంచి 60 సెకన్లు పడుతుంది, ఇంటికి పోయి గడియారం పెట్టుకుని చూడండి, మీరంతా పదికే కుళాయి కట్టేస్తారు. (నవ్వులు) ఆ సర్టిఫికెట్ జీడీఏ సర్టిఫికెట్టే, నర్సింగ్ సర్టిఫికెట్ కాదు. దాన్ని చూపించి "నర్సింగ్ చదివా" అని చెప్పకండి, చెప్పించుకోకండి.

కర్నూల్లో ఇంకో లాభం ఉంది. ఇక్కడికి గద్వాల నుంచి వస్తారు, రాయచూరు నుంచి వస్తారు, బళ్లారి వైపు నుంచి వస్తారు. ఒక మంచం మీద తెలుగు, పక్క మంచం మీద కన్నడ, ఎదురు మంచం మీద ఉర్దూ. ఎక్కడ నొప్పి, ఎన్నిసార్లు విరేచనం అయింది, మూత్రం వస్తోందా, ఈ మూడు ప్రశ్నలు మూడు భాషల్లో అడగడం వచ్చిన పిల్ల రేపు ఏ ఆసుపత్రికి పోయినా ఆమె కోసం వెతుక్కుంటారు.

వార్డు పనిలో పనికిమాలినదని అందరూ అనుకునేది మూత్రం సంచి ఖాళీ చేయడం. అది కూడా చెప్తాను. కిడ్నీ జబ్బు మనిషికి రోజుకు ఇంతే నీళ్లు అని డాక్టరు రాస్తారు. లోపలికి ఎంత పోయింది, బయటికి ఎంత వచ్చింది, రెండూ రాయాలి. సంచిని కొలజాడీలో పోసి కంటికి ఎదురుగా పట్టుకుని అంకె చూడాలి, పైనుంచి ఒంగి చూస్తే తప్పు వస్తుంది. లోపలికి పోయే లెక్క ఇంకా కష్టం. ఇంటి నుంచి వచ్చిన అవ్వ, పాపం ఎండిపోయాడని కొంగు చాటున కొబ్బరి బోండాం తాగిస్తుంది. కిడ్నీ పనిచేయనివాళ్లకు కొబ్బరినీళ్లలో ఉండే పొటాషియం గుండెకే చేటు. ఆ అవ్వను అరిచి పంపిస్తే రేపు ఇంకా చాటుగా తాగిస్తుంది. పక్కన కూర్చుని నచ్చజెప్పి, ఎంత తాగాడో నిజం చెప్పించుకుని సిస్టరు చెవిన వేస్తే అప్పుడు ఆ షీటులో అంకె నిజమవుతుంది. నర్సింగ్‌లో సగం ఇదే. ఇది చేస్తున్నప్పుడు మీకు విసుగొస్తుందా, ఆ అవ్వ మీద జాలేస్తుందా, రెండూ కలిపి వస్తాయా, మీరే చూసుకోండి. నాకైతే రెండూ వచ్చేవి.

ఇప్పుడు జాగ్రత్తలు. ఇవి కొంచెం గట్టిగానే చెప్తాను, ఎవరికైనా కోపం వస్తే రానీయండి.

చిన్న చిన్న నర్సింగ్ హోముల్లో కొన్నిచోట్ల, చేరిన నెలకే పాపకు తెల్ల యూనిఫాం వేసి, చేతికి సిరంజి ఇస్తారు. ఇంట్లో వాళ్లు మురిసిపోతారు, మా పాప అప్పుడే సూదులేస్తోంది అని. మురిసిపోకండి. చదువు లేకుండా, రిజిస్ట్రేషన్ లేకుండా ఇంజెక్షన్ వేయడం నీ పని కాదు. ఏదైనా జరిగితే ఆ రోజు పాప పక్కన ఎవరూ నిలబడరు. "నాకు రాదు సార్, నేను సిస్టరును పిలుస్తాను" అనే మాట మొదటి రోజే చెప్పడం నేర్చుకోండి. దానికే ఉద్యోగం పోతే, పోనీయండి. అట్లాంటి చోట చేయి తిరిగినవాళ్లకు తర్వాత కాలేజీలో ఇంకో తిప్పలు. చేతికి తప్పు అలవాటై ఉంటుంది. కొత్తగా నేర్పడం తేలిక, పాత అలవాటు మాన్పించడం మాకు చచ్చే చావు.

హోం కేర్ అని ఇప్పుడు బాగా వినపడుతోంది. బెంగళూరు, హైదరాబాదు ఏజెన్సీలు మన ఊళ్లకు వచ్చి పిల్లలను తీసుకుపోతున్నాయి. జీతం చూస్తే ఎక్కువే కనపడుతుంది, తిండి, పడక వాళ్లవే. కానీ అక్కడ ఎవరింట్లోనో ఒక ముసలాయన, నువ్వు. రాత్రీ పగలూ నువ్వే. నీకు నేర్పే సిస్టరు లేదు, డ్యూటీ అయిపోయే గంట లేదు, పుస్తకం తీసే సమయం లేదు. రెండు మూడేళ్లు వార్డులో చేసిన మనిషి పోతే వేరు. 18 ఏళ్ల పిల్లను మొదటి ఉద్యోగానికే అట్లా పంపించడం నాకు ఇష్టం లేదు. ఇది నా అభిప్రాయం, మీ ఇష్టం మీది.

ఒరిజినల్ సర్టిఫికెట్లు ఏ ఆసుపత్రికీ ఇవ్వకండి. చూపించండి, జిరాక్సు ఇవ్వండి, ఒరిజినల్ వెనక్కి తెచ్చుకోండి. మధ్యలో వెళ్లిపోకుండా మీ మెమోలు వాళ్ల బీరువాలో పెట్టుకునే చోట్లు ఉన్నాయి. కౌన్సెలింగ్ రోజు వచ్చేసరికి అవి ఇవ్వరు, ఇచ్చేలోపు తేదీ పోతుంది. అలాగే ప్రభుత్వాసుపత్రిలో అవుట్‌సోర్సింగ్ పోస్టు ఇప్పిస్తానని డబ్బు అడిగేవాడు ఎంత దగ్గర చుట్టమైనా సరే, టీ తాగించి పంపించేయండి. ఆ డబ్బే జీఎన్ఎం ఫీజుకు పనికొస్తుంది.

జబ్బులు అంటుకుంటాయేమో అని తల్లులకు భయం ఉంటుంది. 2020 ఏప్రిల్‌లో కర్నూలు పేరు రోజూ టీవీలో ఎట్లా మోగిందో మీకు గుర్తుంది. అప్పుడు వార్డుల్లోకి పోయిన వాళ్లలో ఆయమ్మలు, వార్డు బాయ్‌లు కూడా ఉన్నారు, వాళ్ల ఫోటోలు మాత్రం ఎక్కువ రాలేదు. భయం ఉండాలి, దానికి తగ్గ పద్ధతి కూడా ఉండాలి. ఉద్యోగంలో చేరే రోజు అడగాల్సిన ప్రశ్న, హెపటైటిస్ బీ టీకా వేయిస్తారా అని. సున్నా, ఒకటి, ఆరు నెలలకు మూడు డోసులు. 2016 బయో మెడికల్ వ్యర్థాల నిబంధనల ప్రకారం ఆ చెత్తను ముట్టుకునే ప్రతి ఉద్యోగికీ హెపటైటిస్ బీ, టెటనస్ టీకాలు వేయించే బాధ్యత ఆసుపత్రిదే. దయ చూపినట్టు వేసేది కాదు. రక్తం అంటిన దూది పసుపు సంచిలోకి, సెలైన్ పైపులు, మూత్రం సంచులు ఎరుపులోకి, గాజు సీసాలు నీలంలోకి, సూదులు గుచ్చుకోని తెల్ల డబ్బాలోకి. వాడిన సూదికి మళ్లీ మూత పెట్టకండి, చాలామందికి గుచ్చుకునేది అప్పుడే. గుచ్చుకుంటే పిండకండి, నోట్లో పెట్టుకోకండి, సబ్బు నీళ్లతో కడిగి వెంటనే సిస్టరుకు చెప్పండి. హెచ్ఐవీ రాకుండా మందులున్నాయి, రెండు గంటల్లోపు మొదలుపెడితే మంచిది, 72 గంటలు దాటితే లాభం లేదు. తిడతారేమోనని దాచిపెట్టే పిల్లలుంటారు. తిట్లు తినండి. తిట్టు సాయంత్రానికి మర్చిపోతారు.

ఇక టైము. ప్రభుత్వాసుపత్రిలో సిస్టర్లకు మామూలుగా పొద్దున 8 నుంచి 2, మధ్యాహ్నం 2 నుంచి 8, రాత్రి 8 నుంచి పొద్దున 8. ప్రైవేటులో సహాయకులకు 12 గంటలు మామూలే. 12 గంటలు కాళ్ల మీద నిలబడి వచ్చిన పిల్ల బోటనీ పుస్తకం తీస్తుందని నేను అనుకోను. కాబట్టి చేరేటప్పుడే అడగండి, షిఫ్టు ఎన్ని గంటలు, నైటు ఎన్ని రోజులకోసారి, పరీక్షకు, కౌన్సెలింగ్‌కు సెలవు ఇస్తారా. సెలవు సంగతి నోటి మాటగా కాకుండా మెసేజ్‌లో పెట్టించుకోండి.

దీనికన్నా పెద్ద చిక్కు జీతం. నవ్వకండి, జీతం రావడమే చిక్కు. మొదటి నెల జీతం రాగానే ఇంట్లో దానికి ఖర్చు పుడుతుంది. తమ్ముడికి ఫోను, ఇంటికి ఫ్రిజ్జు, ఒక చీటీ, బండికి ఈఎంఐ. ఏడాది తర్వాత పాప "నేను జీఎన్ఎంకు పోతా" అంటే, "మరి ఈఎంఐ ఎవరు కడతారు?" అంటారు. అట్లా ఏడాదికని చేరి అక్కడే ఉండిపోయినవాళ్లు ప్రతి ఆసుపత్రిలోనూ ఉన్నారు. తల్లిదండ్రులూ, మీకే చెప్తున్నా. పాప పేరు మీద వేరే ఖాతా తెరిచి, ఇంత ఫీజుకు అని మొదటి నెల నుంచే పక్కన పెట్టండి. వచ్చే అడ్మిషన్లకు ఉద్యోగం మానేస్తుంది అని ఇప్పుడే అనుకుని చేర్చండి. మానేసే నెల తెలియకుండా చేరొద్దు.

ఇంకో మాట పెద్దవాళ్లతో. "మా పాప రోగుల దొడ్డి ఎత్తాల్నా?" అని ఒకాయన నన్ను అడిగాడు. ఎత్తాలి. బీఎస్సీ చదివినా ఎత్తాలి. ఆయన అమ్మ మంచాన పడినప్పుడు ఆ పని ఇంట్లో ఎవరు చేశారని అడిగాను. కోడలు చేసింది. జీతం లేకుండా చేసింది, ఎవరూ నేర్పకుండా చేసింది. అక్కడ గౌరవం తగ్గలేదు గానీ ఆసుపత్రిలో జీతం తీసుకుని, గ్లవ్స్ వేసుకుని చేస్తే తగ్గుతుందా? ఆయన దగ్గర జవాబు లేదు. పాపను మాత్రం పంపించలేదు. అట్లాంటివీ ఉంటాయి.

ప్రశ్నలు ఉంటే అడగండి.

(సీఈసీ చదివిన ఒక అబ్బాయి: మాకు నర్సింగ్ లేదంటున్నారు మేడం, నిజమేనా?)

సగం నిజం నాయనా. నీకు ఏఎన్ఎం లేదు, అది ఆడపిల్లలకే. బైపీసీ లేదు కాబట్టి నేరుగా బీఎస్సీ లేదు. జీఎన్ఎం ఉంది. 40 శాతం, ఇంగ్లీషు పాసై ఉంటే అప్లై చెయ్. అది చేసి రిజిస్టర్ అయ్యాక పోస్ట్ బేసిక్ చేస్తే నీకూ డిగ్రీ వస్తుంది. మగపిల్లలకు సీట్లు ఎన్నున్నాయో ప్రతి కాలేజీలోనూ ముందే కనుక్కో. ఈలోగా ఎంఎన్ఓగానో జీడీఏగానో చేరతావా, మంచిదే. ఆర్థోలో, క్యాజువాలిటీలో బరువైన రోగులను ఎత్తి స్ట్రెచర్ మీదికి మార్చడానికి నీలాంటివాళ్లు కావాలి. కానీ నడుము వంచి ఎత్తకు, మోకాళ్లు వంచి ఎత్తు, దుప్పటి నాలుగు మూలలా మనుషుల్ని పెట్టుకుని మార్చు. నిన్ను బ్రదర్ అని పిలుస్తారు, అలవాటు చేసుకో.

(ఒక విద్యార్థిని: నాకు బైపీసీలో మూడు సబ్జెక్టులూ కలిపి 42 శాతం వచ్చింది. ఓసీ. ఒక ఏడాది పనిచేసుకుంటూ మార్కులు పెంచుకోవాలా?)

మేలో సప్లిమెంటరీతో పాటు ఇంప్రూవ్‌మెంట్ రాయొచ్చు కదా, ఏడాది ఎందుకు ఆగడం? ముందు అది రాయి, ఫీజు కట్టే తేదీ ఈ రోజే చూడు. 45 దాటితే బీఎస్సీకి పో. దాటకపోతే ఈ ఏడాదే జీఎన్ఎంకు పో. లెక్క వేసుకో. బీఎస్సీ నాలుగేళ్లు. జీఎన్ఎం మూడు, పోస్ట్ బేసిక్ రెండు, మొత్తం ఐదు. ఒక్క ఏడాదే తేడా, పైగా మధ్యలో స్టాఫ్ నర్సుగా సంపాదించుకోవచ్చు. మార్కుల కోసం ఏడాది వార్డు పనిలో ఆగడం నీకు అవసరం లేదు. వార్డు పని డబ్బు కోసం ఆగాల్సినవాళ్లకు, నర్సింగ్ పడుతుందో లేదో తెలియనివాళ్లకు. నీకు నర్సింగ్ మీద అనుమానం ఉందా?

(విద్యార్థిని: లేదు మేడం.)

అయితే పో.

(ఒక తల్లి: కాలేజీకి గుర్తింపు ఉందో లేదో మాకెట్లా తెలుస్తుందమ్మా? అందరూ ఉందనే అంటారు.)

అంటారు. గోడ మీద కూడా రాసుకుంటారు. మీరు రెండు చూడాలి. రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్ అనుమతి ఉందా, ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ జాబితాలో ఈ ఏడాదికి ఆ కాలేజీ పేరు, ఆ కోర్సు పేరు ఉన్నాయా. కాలేజీకి ఒక కోర్సుకు ఉండి ఇంకో కోర్సుకు లేకపోవచ్చు, అందుకే కోర్సు పేరు కూడా చూడమంటున్నా. మీ పాప ఫోనులోనే కౌన్సిల్ వెబ్‌సైట్ తెరిచి చూడొచ్చు. ఇంకా, పిల్లలకు క్లినికల్ పోస్టింగు ఏ ఆసుపత్రిలో ఇస్తారు, అందులో ఎన్ని మంచాలున్నాయి అని అడగండి. వీలైతే ఆ ఆసుపత్రికి ఒకసారి పోయి చూడండి, మంచాలున్నాయి గానీ రోగులు లేకపోతే పాప ఎవరి దగ్గర నేర్చుకుంటుంది? ఫీజు రీయింబర్స్‌మెంట్ ఆ కాలేజీలో ఆ కోర్సుకు వర్తిస్తుందా అన్నది కట్టకముందే అడగండి, కట్టాక కాదు.

ఇంకా ఎవరైనా ఉన్నారా? సరే. మార్కుల మెమోలు, కాలేజీ పాంప్లెట్లు తెచ్చుకున్నవాళ్లు ఆ పక్క టేబుల్ దగ్గరికి రండి, నేనూ మా స్టాఫ్ నర్సులిద్దరూ కూర్చుంటాం, ఒక్కొక్కటి చూసి చెప్తాం. నీళ్ల క్యాను వెనక ఉంది, తాగి రండి. ముందు ఆలూరు, పత్తికొండ బస్సులకు పోవాల్సినవాళ్లు రండమ్మా, టౌను వాళ్లు కాసేపు ఆగుతారు.